ఎండ తగలని చోట

మెలనోమా అన్న మాట డాక్టరమ్మ నోటి నుంచి రాగానే లెసియేలికి నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది గానీ ఆగలేదు.

"మీరు ఇంకెవరి కాగితాలో చూస్తున్నట్టున్నారమ్మా. అది తెల్లవాళ్ళకొచ్చే చర్మపు కాన్సరు కదా! ఇసకలో పడుకుని ఒళ్ళు కాల్చుకునేవాళ్ళకి వస్తుంది. టోంగా వాళ్ళం, మాకెందుకొస్తుంది?"

డాక్టర్ టేట్ నవ్వలేదు. కుర్చీ కాస్త ముందుకు లాక్కుంది. "ఇది ఎండ వల్ల వచ్చేది కాదు లెసియేలీ. చర్మానికి రంగునిచ్చే కణాలు నోట్లో ఉంటాయి, ముక్కులో ఉంటాయి, కింద కూడా ఉంటాయి. ఎప్పుడో అరుదుగా అవి చెడిపోతాయి. ఎందుకని అడిగితే మాకూ సరిగ్గా తెలీదు. ఏ రంగు మనిషికైనా రావచ్చు. నీకు జననాంగం అంచు మీద వచ్చింది."

"అక్కడ ఎండ తగలదన్నది మాత్రం నిజమే. మా ఆయన పోయాక దీపం వెలుగు కూడా తగల్లేదు."

పక్కన కూర్చున్న మరదలు మెలెనైతె ఆమె తొడ మీద గట్టిగా గిల్లింది. "వదినా, నోరు మూసుకుని విను!" అంది. అంటూనే ఏడ్చేసింది. మరదలు ఏడవడం చూశాక గానీ లెసియేలికి విషయం మనసుకెక్కలేదు.

లెసియేలికి అప్పుడు యాభై ఏడేళ్ళు. టోంగా దీవుల నుంచి వలసొచ్చి, మాంగెరె పేటలో ఒక వృద్ధుల ఆశ్రమంలో పని చేస్తోంది. ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, బట్టలు మార్చి, అన్నం తినిపించేది. ఎవరి ఒంటి మీద కొత్త మచ్చ కనిపించినా, ఎక్కడ కమిలినా వెంటనే నర్సుకి చెప్పేది. తన ఒంటి సంగతికొస్తే మాత్రం ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. మొదట దురద. ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలేననుకుంది. వీధి చివరి క్లినిక్‌లో కుర్ర డాక్టరు పూత మందు రాసిచ్చాడు. ఆమె చూపిస్తాననలేదు, అతను చూస్తాననలేదు. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకున్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడుకున్నారు. అంతకుముందు గర్భసంచి పరీక్ష కూడా ఎవరికి వారే తెర వెనక్కి వెళ్ళి పుల్లతో నమూనా తీసుకుని ఇచ్చే పద్ధతి వచ్చింది. దేవుడు కరుణించాడనుకుంది. ఎవరూ చూడక్కర్లేదు. అలాగే ఎవరూ చూడలేదు.

చివరికి ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక లేచి నిలబడితే, తెల్ల గౌను వెనక రక్తపు మరక. వెనక వరసలో ఉన్న మెలెనైతె చటుక్కున తన శాలువా తీసి ఆమె నడుముకి చుట్టేసింది. మర్నాడు పొద్దున్నే చెయ్యి పట్టుకుని క్లినిక్‌కి లాక్కుపోయింది. ఈసారి ఆడ డాక్టరు కావాలని అడిగింది. ఆ డాక్టరు చూసింది. చూసి, వెంటనే ఫోను అందుకుంది.

ఇంటికి తిరిగొచ్చే దారిలో వదినా మరదళ్ళ మధ్య ఒకటే ప్రశ్న. సెమిసికి ఏం చెప్పాలి?

సెమిసి లెసియేలి తమ్ముడు, మెలెనైతె మొగుడు. విమానాశ్రయంలో సామాన్లెక్కించే పని. మెడ కనపడనంత భారీ మనిషి. వాళ్ళ ఆచారంలో అక్క అంటే తమ్ముడి తల మీది కిరీటం. అతని పిల్లలకి ఆమె మాటే శాసనం. అంత ఎత్తున కూర్చోబెట్టుకున్నందుకు ఆమెకీ అతనికీ మధ్య గోడ కూడా అంతే ఎత్తుగా ఉంటుంది. పెద్దయ్యాక అక్కాతమ్ముళ్ళు ఒక గదిలో కూర్చుని టీవీ చూడరు. అక్క గదిలోకి తమ్ముడు అడుగు పెట్టడు. ఆమె ముందు మోటు మాట అనడు, ఆమె ఒంటికి సంబంధించిన మాట చెవిన పడినా లేచి వెళ్ళిపోతాడు. బావ చనిపోయినప్పుడు సెమిసి ఇంటి వెనక అక్క కోసం తన చేతులతో గది కట్టాడు. అది పూర్తయ్యాక మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అక్కని "మీరు" అనే అంటాడు, అదీ ఏడాదికి నాలుగైదు మాటల్లో.

"కాలి మీద అని చెప్పు," అంది లెసియేలి.

"ఏ కాలు?"

"ఏదో ఒకటి. ఎడమ కాలు."

అలా ఎడమ కాలు జబ్బున పడింది. సెమిసి పాస్టరుతో చెప్పాడు, పాస్టరు సంఘానికి చెప్పాడు. ఆ తర్వాతి ఆదివారం ఐదొందల మంది లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, నాలుగు రాగాల్లో పాడి లెసియేలి ఎడమ కాలి కోసం దేవుణ్ణి వేడుకున్నారు. ఆమె తల వంచుకుని నిలబడింది. దేవుడికి చోటు తెలుసులే, ఎక్కడికి పంపాలో అక్కడికి పంపుతాడు అని లోపల సర్దిచెప్పుకుంది.

ఆపరేషన్‌కి ముందు డాక్టర్ టేట్ ఏదీ దాచలేదు. గడ్డని చుట్టూ మంచి చర్మంతో సహా తీసేయాలి. గజ్జల్లో బిళ్ళలు కూడా తీసి చూడాలి, ముందు పాకేది అక్కడికే. "బాగా తీసినా ఇది తిరిగి వచ్చే రకం. ఎండ వల్ల వచ్చే మెలనోమా కంటే మొండిది. సగం మందికి పైగా ఐదేళ్ళు దాటరు. దాటేవాళ్ళూ ఉన్నారు. నువ్వు ఏ వైపో నేను చెప్పలేను."

"చెప్పలేనని చెప్పారు చూడండి, అది నచ్చింది నాకు," అంది లెసియేలి.

ఆపరేషన్ అయ్యాక ఆమె వంగి వంగి, కాళ్ళు ఎడంగా పెట్టి నడిచింది. అది చూసి ఎడమ కాలి మాట మరీ బలపడింది. సంఘంలో అందరికన్నా పెద్ద ముసలమ్మ వికా వారం వారం వచ్చేది. మొగలిపూలు వేసి కాచిన కొబ్బరినూనె ఎడమ పిక్కకి పట్టించి, కింది నుంచి పైకి రాసి, "ఎక్కడమ్మా మచ్చ? బొత్తిగా కనపడదే! దేవుడి మహిమ కాకపోతే ఏంటి!" అని కళ్ళు ఒత్తుకునేది. లెసియేలి ఉన్నిదిండు మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుని, కుట్లు లాగుతుంటే పళ్ళు బిగబట్టి, "అవును పిన్నీ, మహిమే," అనేది.

కూర్చోవడమే కష్టమైపోయింది. మూత్రానికి వెళ్ళాలంటే భయం. అద్దంలో ఒక్కసారి చూసుకుంది. చూసుకుని మంచం మీద పడుకుని దుప్పటి ముసుగేసుకుంది. ఆ రోజు మెలెనైతెని కూడా లోపలికి రానివ్వలేదు. పోయిన మొగుడు తన ఒంటిని ఎలా చూసేవాడో గుర్తొచ్చింది. ఈ వయసులో, విధవరాలికి, దానితో ఏం పని అని ఎవరైనా అనొచ్చు. ఆమె కూడా అలాగే అనుకోబోయింది. కానీ దుఃఖం ఆ మాట వినలేదు. వేలు తెగితే అందరికీ చూపించి ఏడవొచ్చు. దీన్ని ఎవరికి చూపించి ఏడుస్తుంది?

ఏడాది బాగానే గడిచింది. తర్వాత తీసిన స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో మచ్చలు కనపడ్డాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మెలెనైతె తల్లి చనిపోయింది. టోంగాలోని వవావు దీవికి వెళ్ళక తప్పదు. విమానం ఎక్కేముందు ఆమె మొగుడికి ఒకటికి పదిసార్లు చెప్పింది: "మీ అక్కని ఆస్పత్రికి తీసుకెళ్ళు. బండిలోనే కూర్చో. లోపల ఏం జరిగిందని అడక్కు."

సెమిసి అలాగే బండిలో కూర్చున్నాడు. వాన పడుతోంది. అద్దాల మీద ఆవిరి పట్టింది. కాసేపటికి ఒక నర్సు గొడుగేసుకుని వచ్చి కిటికీ కొట్టింది. "మీరు లెసియేలి గారి మనిషే కదా? డాక్టరుగారు మిమ్మల్ని కూడా రమ్మంటున్నారు."

అక్కకి ఏమో అయిందనుకున్నాడతను. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తాడు.

గదిలో కొత్త డాక్టరున్నాడు. పేరు ఫర్గస్. మందులిచ్చే విభాగం అతనిది. పొడుగ్గా, సన్నగా, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడిలా ఉన్నాడు. సెమిసి తలుపు తియ్యగానే లేచి చెయ్యి కలిపి, గుక్క తిప్పుకోకుండా మొదలెట్టాడు. "కూర్చోండి. మీ భార్యగారికి జననాంగంలో వచ్చిన మెలనోమా ఇప్పుడు ఊపిరితిత్తులకి పాకింది. మనం ఇప్పుడు..."

"ఆయన నా తమ్ముడు!" లెసియేలి గొంతు కీచుమంది.

మాట అప్పటికే గదిలో పడిపోయింది. సెమిసి ముఖంలో రక్తం లేదు. తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

లెసియేలి రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకిందన్న సంగతి కూడా ఆ క్షణంలో చిన్నదైపోయింది. తమ్ముడి ముందు తలెత్తుకుని తిరిగిన ఇన్నేళ్ళ బతుకు ఒక్క మాటతో బట్టల్లేకుండా నిలబడినట్టయింది. డాక్టరుకి ఏం తప్పు చేశాడో అర్థం కాలేదు గానీ ఏదో చేశానని తెలిసింది. నీళ్ళ గ్లాసు ఆమె ముందుకి జరిపాడు.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. సెమిసి. వానలో నిలబడి వచ్చాడేమో, జుట్టు లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎవరి వైపూ చూడలేదు. మూలనున్న కుర్చీ తీసుకుని, గోడ వైపు తిప్పి, వాళ్ళకి వీపు పెట్టి కూర్చున్నాడు. అంత పెద్ద వీపు గదిని సగం నింపేసింది.

"అక్కా, నేను ఇక్కడ లేను," అన్నాడు గోడతో.

లెసియేలి ముఖం మీంచి చేతులు తీసింది.

"డాక్టరుగారూ, మొదటి నుంచి చెప్పండి. ఇందాక చెప్పింది నేను వినలేదు. ఎవరూ ఏమీ వినలేదు."

ఫర్గస్ లెసియేలి వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అప్పుడతను నెమ్మదిగా, ఈసారి ఊపిరితిత్తుల దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పాడు. ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి. ఈ జబ్బు వాటిని జోకొట్టి నిద్రపుచ్చుతుంది. నరానికి ఎక్కించే మందు వాటిని తట్టి లేపుతుంది. చర్మం మీద వచ్చే మెలనోమాకి బాగా పనిచేస్తుంది. ఎండ తగలని చోట వచ్చేదానికి తక్కువ.

"తక్కువంటే?" గోడ అడిగింది.

"నలుగురైదుగురిలో ఒకరికి గట్టిగా పనిచేస్తుందనుకోండి."

"ఆ ఒకరు మా అక్కేనా?"

"తెలీదండీ."

వీపు ఒకసారి పైకి లేచి కిందికి దిగింది. "సరే. మందు వల్ల చెడు ఏమైనా ఉందా?"

"లేచిన కాపలా కణాలు ఒక్కోసారి సొంత ఒంటి మీదే పడతాయి. దద్దుర్లు, దగ్గు, నీరసం. అన్నిటికన్నా ప్రమాదం విరేచనాలు. మామూలువే కదా అని ఊరుకుంటే పేగుకి చిల్లు పడొచ్చు. మొహమాటపడి దాచొద్దు. వెంటనే ఫోన్ చెయ్యాలి. ఏ రోజైనా సరే."

సెమిసి చెవులు ఎర్రబడటం లెసియేలి వెనక నుంచి చూసింది. అయినా అతను లేవలేదు. ఫోన్ నెంబరు అడిగి, రెండుసార్లు పైకి చెప్పి, తప్పులేదని తేల్చుకున్నాక లేచాడు.

ఇంటి ముందు బండి ఆపి, ముందు అద్దంలోంచి వాన వైపు చూస్తూ, "కాలు జాగ్రత్త అక్కా, తడిగా ఉంది," అన్నాడు సెమిసి.

మందెక్కించే గదిలో ఆమెకి గ్వెండా పరిచయమైంది. వైయుకు అనే ఊరి దగ్గర పాడి ఆవుల్ని పెంచే రైతు. పొట్టిగా, గట్టిగా, చేతులనిండా గాట్లతో ఉండే తెల్లావిడ. ముక్కు పక్కన లోతుగా కోసి కుట్టిన గుర్తుంది.

"నాది ముక్కులో. జలుబనుకున్నాను. వాసనలు పోయాయి. పాలు విరిగినా తెలిసేది కాదు, మా ఆయన బ్రైస్ మాత్రం నోరెత్తకుండా తాగేసేవాడు, పాపం," అంది గ్వెండా. "నీదెక్కడ?"

లెసియేలి చుట్టూ చూసింది. ఇక్కడ సంఘం లేదు, పాస్టరు లేడు. "కింద," అంది.

"కిందంటే కాలా?"

"కాలికి పైన."

గ్వెండా కాసేపు ఆలోచించి, అర్థమై, పక్క కుర్చీలవాళ్ళు తిరిగి చూసేలా నవ్వింది. "అయితే పై కొస నాది, కింది కొస నీది! ఇద్దరిదీ ఎండ ముఖం చూడనిదే. ముప్పై ఏళ్ళు ఆవుల వెనక తిరిగితే టోపీ పెట్టుకో, క్రీము రాసుకో అని నా ప్రాణం తీశారు. ముక్కు లోపల రాసుకోమని ఒక్కరూ చెప్పలేదు."

లెసియేలి కూడా నవ్వింది. కుట్లు మానాక పొట్ట పట్టుకుని నవ్వడం అదే మొదలు. అప్పటి నుంచి ఇద్దరూ ఒకే రోజు వచ్చేలా ఏర్పాటు చేసుకున్నారు. గ్వెండా వెన్న తెచ్చేది, లెసియేలి చేమాకుల్లో చుట్టి కొబ్బరిపాలతో వండిన మాంసం పట్టుకెళ్ళేది. వాసన తెలీకపోయినా మెత్తగా ఉందని గ్వెండా వేళ్ళు నాకేది.

మూడో విడత మందెక్కాక లెసియేలికి కడుపు చెడింది. మెలెనైతె అప్పటికి తిరిగొచ్చింది. పెద్ద పండగ ఆదివారం. పెరట్లో గుంతపొయ్యి తవ్వి పంది మాంసం, చేమదుంపలు పాతిపెట్టారు. ఇంటి నిండా చుట్టాలు. ఇంత సందడిలో ఈ మాట ఎవరికి చెప్పాలి? పొద్దుటి నుంచీ వంగి వంగి బాత్రూమ్‌కి తిరుగుతూ, తిన్నదేదో పడలేదని తనకి తానే చెప్పుకుంది. అడిగినవాళ్ళకి తలనొప్పి అంది.

ఆ బాత్రూమ్ పక్కనే గ్యారేజీ. సెమిసి అక్కడ స్నేహితులతో కావా వేర్ల రసం తాగుతూ కూర్చున్నాడు. ఎవరో జోకేస్తే అందరూ నవ్వారు గానీ అతను నవ్వలేదు. గోడ అవతల నీళ్ళ మోత వింటున్నాడు. ఆగడం, మళ్ళీ రావడం. మళ్ళీ. చేతిలో కొబ్బరిచిప్ప కింద పెట్టి లేచాడు. వీధిలోకి నడిచి, ఎదురింటి చెట్టు చాటుకి వెళ్ళి ఫోను తీశాడు.

అతన్ని వెతుక్కుంటూ వచ్చిన మెలెనైతె చెవిన పడిన మాటలు ఇవి: "...మా అక్కండీ. కడుపు. అవును, ఆ మందే. నీళ్ళలా అవుతున్నట్టుంది. ఎన్నిసార్లని నేను లెక్క పెట్టకూడదమ్మా, మా ఆచారంలో తప్పు. కానీ పంపు ఆగట్లేదు. రక్తమా? అది నేనెలా చెప్తాను? మా ఆవిడ చెప్తుంది. వస్తున్నాం."

వెనక్కి తిరిగితే భార్య. ఆమె నోరు తెరుచుకుని చూస్తోంది.

"నీకు... ఎప్పటి నుంచి తెలుసు?"

"నాకేమీ తెలీదు. మీ వదినని బండెక్కించు. పద!"

పేగంతా పుండైపోయిందని ఆస్పత్రిలో తేలింది. ఇంకో రోజు ఆగి ఉంటే కోయాల్సొచ్చేదన్నారు. గట్టి మోతాదులో స్టెరాయిడ్లు ఎక్కించారు. ముఖం చంద్రబింబంలా ఉబ్బింది. థైరాయిడ్ కూడా దెబ్బతింది, దానికి రోజూ పొద్దున మాత్ర. ఇక ఆ మందు ఇవ్వడం కుదరదన్నాడు ఫర్గస్.

"అయితే అయిపోయినట్టేనా?" అంది లెసియేలి.

"చూద్దాం. ఒక్కోసారి ఆపేసిన తర్వాత కూడా పని చేస్తూనే ఉంటుంది."

పని చేసింది. తర్వాతి స్కాన్‌లో మచ్చలు సగమయ్యాయి. ఆ తర్వాతి దాంట్లో వెతుక్కోవాల్సొచ్చింది. ఫర్గస్ తెర మీద బొమ్మలు అటూ ఇటూ తిప్పుతూ చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. "పోయిందని మాత్రం అనను. నిద్రపోతోందంటాను," అన్నాడు.

లెసియేలి తిరిగి పనుల్లో పడింది. చర్చి హాలులో ఆడవాళ్ళతో కలిసి చెట్టు బెరడుతో బట్ట చేయడం ఆమెకెప్పుడూ ఇష్టమైన పని. పొడుగాటి బల్లకి అటూ ఇటూ కూర్చుని, బెరడు పొరల్ని జిగురుతో అతికించి, గోధుమ రంగు రుద్దుతూ లోకంలో కబుర్లన్నీ చెప్పుకుంటారు. ఒక రోజు అవతలి వరసలో లూతె అనే నడివయసు ఆవిడ పక్కావిడతో గొణగడం వినపడింది: "ఆరునెల్లుగా దురదే. క్రీమిచ్చాడు. ఆ డాక్టరుకేం చూపిస్తాం, సిగ్గు!"

లెసియేలి చేతిలో రంగు గుడ్డ ఆగిపోయింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పననుకుంది.

"లూతే, చూపించు. రేపే వెళ్ళి చూపించు," అంది. అందరూ తలెత్తారు. "నా జబ్బు కాలి మీద కాదు. అసలెప్పుడూ కాలి మీద కాదు. కింద. ఆడదానికి ఎక్కడుంటుందో అక్కడ. ఏడాది దాచుకున్నాను. కోసేశారు. ఊపిరితిత్తుల దాకా పోయింది. ఇప్పటికి బతికున్నాను."

ముసలమ్మ వికా లెసియేలి ఎడమ కాలి వైపు, ఆమె ముఖం వైపు, మళ్ళీ కాలి వైపు చూసింది.

"అయితే ఇన్నాళ్ళూ నేను నూనె తప్పు చోట రాశానా?"

ఒకావిడ ఫక్కున నవ్వింది. తర్వాత బల్లంతా ఊగిపోయింది. నవ్వుతూ కొందరు ఏడ్చారు. "మరి సరైన చోట రాయమంటే రాసేదానివా పిన్నీ?" అని ఎవరో అంటే, "రాసేదాన్నే! ఎనభై దాటాను, నాకింకా సిగ్గేంటి!" అంది వికా. ఆ సాయంత్రమంతా ప్రశ్నలే. ఎలా ఉంటుంది? నల్లగానా? ఒక్కోసారి రంగు కూడా ఉండదట. అద్దం ఎలా పెట్టుకోవాలి? ఒకావిడ మాత్రం ఇది దేవుడి హాలు అని చాప చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ ఆ బల్ల దగ్గరికి రాలేదు. లూతె చూపించుకుంది. ఆమెది ఉట్టి చర్మపు గజ్జేనని తేలింది.

గ్వెండాకి మందు పని చెయ్యలేదు. ఇంకో మందిచ్చారు, రేడియేషన్ ఇచ్చారు. జబ్బు ముక్కులోంచి కంటి వెనక్కి పోయింది. చలికాలంలో ఆమె ఫోన్ చేసి, "ఒకసారి రా. వెన్న తీసుకెళ్దువుగాని," అంది.

సెమిసి బండి తోలాడు. గ్వెండా కిటికీ పక్క మంచం మీద ఉంది. ఒక కంటికి గుడ్డ కట్టారు. లెసియేలి ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, ముసలమ్మ వికా ఇచ్చిన నూనె రాస్తూ కూర్చుంది.

"నీ స్కాన్ సంగతి విన్న రోజు నీ మీద కోపమొచ్చింది," అంది గ్వెండా. "ఒక రోజంతా. అదే మందు, అదే కుర్చీ. నాకేం తక్కువైంది అనుకున్నాను."

"నాకు సిగ్గేసింది. అందుకే ఆ తర్వాత కొన్నాళ్ళు ఫోన్ చెయ్యలేకపోయాను."

"సిగ్గెందుకు? నా వాటా నువ్వేమైనా దొంగిలించావా?"

"మా సంఘంలో అందరూ ప్రార్థన వల్లే అంటారు. నీ కోసం కూడా చేశాం గ్వెండా. అంతే గట్టిగా చేశాం. మరి..."

"దానికి జవాబు నీ దగ్గరా లేదు, నా దగ్గరా లేదు, ఆ పొడుగు డాక్టరు కుర్రాడి దగ్గరా లేదు. వదిలెయ్. ఇటు కాలు కూడా రాయి. హాయిగా ఉంది."

గ్వెండా ఆ నెలలోనే పోయింది. తాము చేసిన బెరడు బట్టల్లో అన్నిటికన్నా మంచిది ఎంచుకుని అంత్యక్రియలకి తీసుకెళ్ళింది లెసియేలి. దాన్ని సెమిసి రెండు చేతుల మీదా మోసుకొచ్చాడు. నల్ల బట్టల మీద, తమ ఆచారం ప్రకారం నడుముకి చావు చాప చుట్టుకుని, బ్రైస్ ముందు తలవంచి నిలబడ్డాడు. అక్కాతమ్ముళ్ళు కలిసి బట్టని శవపేటిక మీద పరిచారు. అంచులు నేల దాకా దిగాయి. బ్రైస్ దాన్ని చేత్తో తడిమాడు.

సమాధి చేసి ఇంటికొచ్చేసరికి పాలు పితికే వేళయింది. ఆవులు గేటు దగ్గర నిలబడి అరుస్తున్నాయి. వాటికి చావూ పెళ్ళీ తెలీదు కదా. బ్రైస్ కోటు విప్పబోయాడు. గుండీ ఊడి రాలేదు. సెమిసి అది చూశాడు. నడుం చాప విప్పి జాగ్రత్తగా మడిచి కుర్చీ మీద పెట్టి, "ఏం చెయ్యాలో చెప్పండి," అంటూ ప్యాంటు మడుచుకుని బయటికి నడిచాడు. జీవితంలో ఆవు దగ్గరికి వెళ్ళిన మనిషి కాదు. విమానం కడుపులోకి పెట్టెలు తోసినట్టు ఒక్కో ఆవుని వెనక నుంచి షెడ్డులోకి తోస్తుంటే, అవి తిరిగి అతన్ని తోశాయి.

వంటింటి కిటికీలోంచి లెసియేలి ఆ పెనుగులాట చూస్తూ కప్పులు కడిగింది. వెనక తలుపు దగ్గర బ్రైస్ వచ్చి నిలబడ్డాడు.

"మీకు మళ్ళీ స్కాన్ ఎప్పుడు?"

"వచ్చే నెలలో."

అతను గోడకి ఆనుకున్నాడు. "ఫలితం నాకు కూడా చెప్తారా? మా ఆవిడైతే మీ స్కాన్ రోజు ఫోన్ పక్కనే కూర్చునేది, ఫలితం తెలిసేదాకా. బయటపడేది కాదనుకోండి. ఆ అలవాటు నాకూ అయింది."

లెసియేలి తడి చేతులు గౌనుకి తుడుచుకుంది. బయట సెమిసి ఏదో ఆవుని బతిమాలుతున్నాడు.

"చెప్తాను. మంచిదైనా చెప్తాను, కాకపోయినా చెప్తాను," అంది.